తుమ్మకొమ్మ మీది బంగారు పురుగు

సర్వస్తోత్రాలు సృష్టికర్త అయిన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

గత ఆదివారం అస్ర్ నమాజు తరువాత మన మక్తబ్‌లో చదివే ఒక బాలుడు నా వద్దకు వచ్చి, పిడికిట్లో దాచుకున్న అగ్గిపెట్టెను మెల్లగా తెరిచాడు. లోపల నాలుగు తుమ్మాకుల నడుమ ఒక బంగారు పురుగు! కొందరు జీరంగి అంటారే, అదే. పచ్చ రాయి పొదిగినట్లు మెరుస్తున్నది. నేను దానిని కళ్ళారా చూసి ఎన్నో ఏండ్లయింది.

"హజ్రత్, దీన్ని ఉంచుకోవచ్చా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా బాల్యం గుర్తుకు వచ్చింది. పాలమూరు పల్లెలో వానకాలం వస్తే తుమ్మచెట్ల మీద ఇవి ఎన్నో కనిపించేవి. మెడకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. ఒకసారి ఒకదానిని పెట్టెలో పెట్టి మరచిపోయాను. మూడు రోజులకు తెరిస్తే అది చనిపోయి ఉంది. పక్కనే కొన్ని గుడ్లు. దాని రంగు మాత్రం ఏమీ మారలేదు. రంగు నాకు మిగిలిందని ఆనాడు సంతోషించాను. ఆ సంతోషానికి నేడు సిగ్గుపడుతున్నాను.

సోదరులారా! ఈ పురుగు గుడ్డు నుండి వెలువడి, నేల లోపలి చీకటిలో వేళ్ళను తింటూ పెరుగుతుంది. వానలు పడ్డాక బయటికి వచ్చి తుమ్మ, చండ్ర వంటి చెట్ల ఆకులు తింటుంది. వెలుగులో అది బ్రతికేది కొద్ది వారాలే. దాని పచ్చదనం అద్దిన రంగు కాదు. రెక్కలను కప్పే గట్టి తొడుగులోని అతి పలుచని పొరలపై వెలుతురు పడి తిరిగి రావడం వల్ల కలిగే మెరుపు. అందుకే అది వెలిసిపోదు. 1903 నాటి ఢిల్లీ దర్బారులో వైస్రాయి కర్జన్ భార్య ధరించిన నెమలి గౌనుపై మన దేశపు కళాకారులు ఈ జాతి పురుగుల రెక్కలనే కుట్టారు. ఆ దర్బారు పోయింది, ఆ రాజ్యమూ పోయింది. అల్లాహ్ చేసిన మెరుపు మాత్రం నిలిచింది.

దివ్య ఖుర్ఆన్‌లో చీమ పేర, తేనెటీగ పేర, సాలెపురుగు పేర సూరాలున్నాయి. నేలపై తిరిగే, గాలిలో ఎగిరే ప్రాణులన్నీ మీవంటి సముదాయాలేనని అల్లాహ్ అన్ఆమ్ సూరాలో తెలియజేశాడు. సహచరులు కొందరు ఒక పక్షి పిల్లలను తీసుకురాగా తల్లి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి అక్కడే ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒక చీమ కుట్టిందని పూర్వపు ప్రవక్త ఒకరు చీమల పుట్టనే కాల్పించగా, తనను స్తుతించే సముదాయాన్ని దహించావని అల్లాహ్ మందలించిన వైనం కూడా హదీసులో ఉంది.

అమ్రాబాద్‌లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవిని ప్రభుత్వం పులుల కోసం కాపాడుతున్నది. అందులో ఫరహాబాద్ అనే చోటు ఉంది. ఫరహ్ అంటే సంతోషం. కాని మన చేను గట్టు మీది తుమ్మను కాపాడేందుకు ఏ అధికారీ రాడు. ఆ అమానతు మనదే. చెట్టు లేనిచోట ఆకు లేదు, ఆకు లేనిచోట ఈ పురుగూ లేదు.

బాలుణ్ణి వెంటబెట్టుకొని ఖబ్రస్తాన్‌కు వెళ్ళాను. అతడే పెట్టె తెరిచి పురుగును తుమ్మకొమ్మపై విడిచాడు. అది కాసేపు ఆగి, రెక్కలు విప్పి ఎగిరిపోయింది. "వచ్చే ఏడు వస్తుందా?" అన్నాడు. "చెట్టు ఉంటే దాని సంతానం రావచ్చు, ఇన్షా అల్లాహ్" అన్నాను.

ఆ మాట అన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ప్రహరీ గోడ ఖర్చుకై ఆ చెట్లనే వేలం వేయాలని మన కమిటీ తలపెట్టింది. ఆ సమావేశంలో నేనూ తల ఊపాను. నా తప్పును ఈ మింబర్ పైనుండే ఒప్పుకుంటున్నాను. పెద్దలకు నా విన్నపం ఇది: దారికి అడ్డువచ్చే సర్కారు తుమ్మను తొలగించండి, నల్లతుమ్మలను వదిలేయండి. గోడకు తక్కువపడే సొమ్ముకు చందా పుస్తకంలో మొదటి పేరు నాది రాసుకోండి.

మనమంతా ఒకనాడు ఆ నేలలోకే చేరవలసినవాళ్ళం. ఆ నేల లోపలి చీకటి నుండి ఇంతటి సౌందర్యాన్ని వెలికి తీసే ప్రభువు మనల్ని కూడా తిరిగి లేపుతాడు. ఆనాడు మన చేతుల లెక్క అడుగుతాడు.

ఓ అల్లాహ్! నోరులేని ప్రాణుల పట్ల మేము చేసిన అన్యాయాన్ని క్షమించు. మా పిల్లల చేతులను కరుణగల చేతులుగా చేయి. ఆమీన్.