కులం, స్త్రీ, చట్టం: కల్పనా కన్నబిరాన్ కృషి
(సికింద్రాబాద్‌లో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కల్పనా కన్నబిరాన్ గురించి మాట్లాడమన్నారు. సోషియాలజీ, న్యాయశాస్త్రం రెండూ చదివిన మనిషి. తల్లి వసంత్ కన్నబిరాన్, ఓల్గాలతో కలిసి 1991లో ఈ సికింద్రాబాద్‌లోనే అస్మితను మొదలుపెట్టారు. తండ్రి కె.జి. కన్నబిరాన్ గురించి మీకు చెప్పనక్కరలేదు. నల్సార్‌లో పాఠాలు, కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ డైరెక్టర్ పదవి, 2012లో వచ్చిన 'టూల్స్ ఆఫ్ జస్టిస్' – ఇదంతా చదివితే నాకిచ్చిన సమయం అయిపోతుంది. ఒక్క వ్యాసం దగ్గర ఆగుతాను.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. తగువు సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైంది. తమ ఆడవాళ్ల జోలికొచ్చారని అగ్రకులాలవాళ్లు చెప్పుకున్నారు. ఆ రోజుల్లోనే నల్గొండ జిల్లా చలకుర్తిలో ఒక స్త్రీని వివస్త్రను చేసి ఊరేగించారు. కల్పన, వసంత్ కలిసి ఆ సెప్టెంబరులో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాశారు. తమ స్త్రీలను అదుపులో ఉంచడం, దళిత స్త్రీలను అవమానించడం రెండూ అగ్రకుల మగతనానికి కావాలన్నది వాళ్ల విశ్లేషణ. మనల్ని ఇబ్బంది పెట్టే మాటే ఇది. 'ఆడవాళ్లను వేధించారు' అనేది మన ఫిర్యాదు కదా, అదే హత్యకు సాకైతే మనం ఎటు నిలబడాలి?

చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఈ తల్లీకూతుళ్లే 2002లో తెచ్చిన పుస్తకంలో స్త్రీ మీద దాడిని శీలం, పరువు లెక్కల్లోంచి బయటికి తీయాలని వాదించారు. చట్టం మాత్రం వినలేదు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌లోనూ ఆ పాత 'మోడెస్టీ' అలాగే ఉంది!

కర్నూలు జిల్లా కేసు ఒకటి చూడండి. పుట్టుకతో అంధురాలైన దళిత యువతిపై అత్యాచారం. కులం, స్త్రీత్వం, వైకల్యం ఎలా పెనవేసుకుంటాయో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎంతో వివరంగా రాసింది. యావజ్జీవ శిక్ష నిలిపింది. అట్రాసిటీ చట్టం కింద వేసిన శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే నేరం జరిగిందనే సాక్ష్యం రికార్డులో లేదట. 2016 సవరణతో బాధితురాలి కులం తెలిసుంటే చాలని మారింది గానీ, ఈ నేరం అంతకు ముందుది.

టీ తర్వాత మీరు తెచ్చిన ఫిర్యాదు కాపీలు, పేర్లు కొట్టేసి, బయటికి తీయండి. నిందితుడికి ఆమె కులం తెలుసన్న మాట ఎన్నింట్లో రాశామో చూద్దాం.