నాకు వ్రాయడము రాదండీ!

(శతాబ్ది ఉత్సవముల సందర్భములో జరిగిన సంఘ సభ్యుల సదస్సులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంచిక కొరకు వ్యాసములు సేకరించే పనిలో కొంత భాగము కార్యవర్గము వారు నాకు అప్పగించారు. ఆ పని మీద ఇంటింటికీ తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఆదరముగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గంటసేపు పాత సంగతులు చెప్పారు. "ఇవే కాగితము మీద పెట్టండి" అనగానే మాత్రము అందరిదీ ఒకటే జవాబు: "నాకు వ్రాయడము రాదండీ!" జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినవారు ఆ మాటే అన్నారు. నోటు పుస్తకము నిండా కథలు వ్రాసి బట్టల అడుగున దాచుకున్న కాలేజీ అమ్మాయి కూడ ఆ మాటే అంది.

వారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. దాదాపు ముప్పై ఏళ్ళు నేనూ ఆ మాటే చెప్పుకున్నాను. దానివల్ల ఏమి పోగొట్టుకున్నానో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ఇరవై రెండేళ్ళ వయసులో ఒక కథ వ్రాసి ఒక పత్రికకు పంపాను. తిరుగు టపాకు స్టాంపులు కూడ జతపరిచాను. మూడు నెలలకు కథ నా కవరులోనే తిరిగి వచ్చింది. ఆ సమయానికి ఇంట్లో ఉన్న బంధువొకాయన చూచి నవ్వి, "పంతులూ, పిల్లల కాపీలు దిద్దుకో, చాలు" అన్నారు. ఆయన ఆ మాట సాయంత్రానికే మరచిపోయి ఉంటారు. నేను మరువలేదు. ఆ తరువాత ఎవరడిగినా తీరిక లేదన్నాను. నిజానికి తీరిక ఉంది; ధైర్యమే లేదు.

ఆ రోజుల్లో మా సంఘములో ఒక మామ్మగారు ఉండేవారు. మిషను కాలములో బైబిలు స్త్రీగా పనిచేసినవారు. తాటాకు గొడుగు పట్టుకొని చుట్టుపట్ల పల్లెలకు నడిచి వెళ్ళేవారట. ఇసుక పరచి, అందులో ఆడవాళ్ళ చేత వేలితో అక్షరాలు దిద్దించేవారట. చీకటి పడ్డాక వాగు దాటేటప్పుడు భయము పోవడానికి తాను కట్టుకున్న పాట ఒకటి మాకు పాడి వినిపించేవారు. "నాయనా, నువ్వు చదువుకున్నవాడివి. నేను చెబుతాను, నువ్వు వ్రాసిపెట్టు" అని ఎన్నిసార్లు అడిగారో! "కొంచెము చేయి తిరగనివ్వండి మామ్మగారూ, అప్పుడు బాగా వ్రాస్తాను" అనేవాడిని.

నా చేయి తిరగక ముందే ఒక వానాకాలములో ఆమె ప్రభువునందు నిద్రించారు. సమాధుల తోట నుండి వచ్చి, ఆ రాత్రి లాంతరు ముందు కాగితము పెట్టుకున్నాను. గొడుగు, ఇసుక, వాగు. ఈ మూడు తప్ప ఏమీ జ్ఞాపకము రాలేదు. పల్లెల పేర్లు లేవు. అక్షరాలు నేర్చుకున్నవారి పేర్లు లేవు. పాట రాగము చెవిలో ఉంది, మాటలు పోయాయి.

పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు. వ్రాసిపెట్టి ఉన్నాయి గనుక ఆయన కీర్తనలు మనము నేటికీ పాడుకుంటున్నాము. మామ్మగారి పాట ఏ పుస్తకములోను లేదు. వ్రాయగలవాడు ప్రక్కనే ఉండి వ్రాయలేదు.

ప్రియులారా, "నాకు రాదు" అనడము వినయమని నేననుకున్నాను. తరచి చూచుకుంటే, నా వ్రాత చూచి నలుగురు నవ్వుతారేమోనన్న బెంగ అది. నా పేరు కాపాడుకోవడానికి ఆమె మాటలు పోనిచ్చాను.

వ్రాయదలచినవారిని పట్టి పీడించే సందేహములు ముఖ్యముగా మూడు. మొదటిది: "ఇదివరకే ఎందరో వ్రాశారు, ఇక నేనెందుకు?" లూకా సువార్త మొదటి నాలుగు వచనములు ఈసారి ఈ దృష్టితో చదవండి. తనకు ముందే అనేకులు ఆ పనికి పూనుకున్నారని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా తాను మొదటి నుండి విచారించి తెలుసుకున్నది వరుసగా వ్రాయడము మంచిదని తలచాడు. ఎవరికి వ్రాశాడు? థెయొఫిలా అనే ఒక్క మనిషిని ఉద్దేశించి మొదలుపెట్టాడు.

రెండవది: "పడిన శ్రమంతా బూడిద పాలయింది." బారూకు శ్రమ నిజముగానే బూడిద పాలయింది. యిర్మీయా చెబుతుండగా అతడు సిరాతో గ్రంథము వ్రాశాడు. దానిని చదివి వినిపిస్తూ ఉండగానే యెహోయాకీము రాజు చాకుతో కోసి, ఎదుట రగులుతున్న కుంపటిలో వేసి, అంతా తగులబెట్టాడు. వారు మరియొక చుట్ట తీసుకొని అదంతా తిరిగి వ్రాశారు. ఇంకా ఎన్నో మాటలు చేర్చారు కూడ. ఆ బారూకు అలుపెరుగని వీరుడేమీ కాదు. మొదటి ప్రతి వ్రాసిన సంవత్సరములోనే, మూలిగి మూలిగి అలసిపోయానని, నెమ్మది లేదని మొరపెట్టుకున్నాడు. నీ కొరకు గొప్పవి వెదకుకొనవద్దని అతనికి జవాబు వచ్చింది. తిరిగివచ్చిన ఒక్క కవరుకే ముప్పై ఏళ్ళు కూర్చున్న నాకు ఈ సంగతి చదివినప్పుడు సిగ్గు వేసింది.

మూడవది: "మనలాంటివాళ్ళు వ్రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?" దీనికి జాషువ గారే జవాబు. 1895లో వినుకొండలో పేద క్రైస్తవ కుటుంబములో పుట్టారు. కులము పేరున అవమానములు పడ్డారు. పురాణ కథలు కావ్యములుగా వ్రాసినందుకు మనవారిలోనూ కొందరు ముఖము చిట్లించారు. పొట్టకూటికి బడిపంతులుగా పనిచేశారు. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో బొమ్మలకు మాటలు చదివి వినిపించే పని కూడ చేశారు. 1941లో వచ్చిన గబ్బిలము కావ్యములో, గుడి గడప తొక్కనివ్వని మనిషి గుడిలో తిరిగే గబ్బిలముతో కాశీలోని శివునికి తన గోడు చెప్పి పంపుతాడు. ఏ అవమానము ఆయన నోరు మూయించవలసినదో, దానినే కావ్యవస్తువు చేసుకున్నారు. 1958 నాటి ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డాయి.

మనమందరము జాషువలము కాలేము. కానక్కరలేదు కూడ. యాభై దాటిన తరువాత నేను మళ్ళీ కలము పట్టినప్పుడు నాకు ఉపయోగపడిన నాలుగు చిన్న సంగతులు చెబుతాను.

మనసు పుట్టేదాకా ఆగకండి. దున్నబుద్ధి పుట్టినప్పుడే ఎడ్లను కడతానంటే రైతుకు కార్తె దాటిపోతుంది. తెల్లవారుజామున ఒక్క పేజీ వ్రాయండి, చాలు.

లోకమంతటికీ వ్రాయబోకండి. నేను మా మేనకోడలికి ఉత్తరము వ్రాస్తున్నట్లు వ్రాస్తాను. చేయి వణకదు.

పెద్ద మాటలు మానండి. "ఆ మహనీయురాలి సేవలు చిరస్మరణీయములు" అంటే ఎవరూ కనబడరు. "తాటాకు గొడుగు పట్టుకొని వాగు దాటేది" అంటే మామ్మగారు కనబడతారు.

వ్రాసిన రోజే తీర్పు తీర్చకండి. వారము ఆగి, ఎవరికైనా చదివి వినిపించండి. నేను మా ఇంటావిడకు చదువుతాను. ఆమె ఊకొట్టడము ఎక్కడ మానుతుందో అక్కడ కొట్టివేస్తాను. మొదట్లో పేజీలకు పేజీలే పోయాయి!

ఇలా చేస్తే సందేహము పోతుందా అంటే పోదు. ఈ ప్రసంగమే రెండుసార్లు చించివేశాను. సందేహము ఉండగానే వ్రాయవచ్చునని మాత్రము తెలుసుకున్నాను.

ఆ మూడు సంగతులతోనే మామ్మగారిని గురించి ఒక పేజీ వ్రాసి, కిందటి సంవత్సరము మా స్త్రీల సమాజములో చదివాను. సభ అయ్యాక ప్రక్క ఊరి ముసలమ్మ ఒకామె వచ్చి నా చేయి పట్టుకొని, "ఆ పాట మా అమ్మ పాడేది బాబూ" అంది. రెండు చరణములు ఆమెకు జ్ఞాపకమున్నాయి. అక్కడే వ్రాసుకున్నాను. మిగిలినవి ఇంకా దొరకలేదు. ఇక్కడున్న మీలో ఎవరి ఇంట్లోనైనా ఉన్నాయేమో! నా వంకర టింకర పేజీ చదివి ఉండకపోతే ఆ రెండూ వచ్చేవి కావు.

రాబోయే తరములో ఇటువంటి సంచిక ఒకటి తయారుచేసేవారు మన సంగతుల కొరకు వెదకుతారు. అప్పటికి మనము ఉండము. వ్రాసిన కాగితములే ఉంటాయి. కనుక ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, మీ ఇంట్లోని పెద్దవారి ప్రక్కన కూర్చొని ఒక పేజీ వ్రాయండి. బాగుండకపోయినా సరే, పేర్లు, ఊర్లు, సంవత్సరములు పెట్టండి. బట్టల అడుగున నోటు పుస్తకము దాచుకున్న ఆ అమ్మాయి ఈ సభలోనే ఉంది. పేరు చెప్పను. అమ్మా, ఆ పుస్తకము పైకి తీయి.