రంగస్థల దీపాలు: చానల్ ఏది? అడ్రస్ ఏది?



మన సరిహద్దు జిల్లాల్లో నాటకమంటే ప్రాణం పెట్టేవాళ్ళకు కొదవ లేదు. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన మహానటుడు రాఘవ గారి పేరులోనే బళ్ళారి ఉంది. పెద్ద నటులు లేని చిన్న ఊళ్ళలో కూడా, జాతర వచ్చిందంటే హరిశ్చంద్ర నాటకమో, కురుక్షేత్రమో ఆడాలని ఉబలాటపడే కుర్రవాళ్ళు ఇవాళ్టికీ ఉన్నారు. ఒకప్పుడు ఆ నాటకాలు కాగడాల వెలుతురులో ఆడారు. తర్వాత పెట్రోమాక్స్ దీపాలు వచ్చాయి. ఇప్పుడు రంగులు మార్చే ఎల్.ఇ.డి. లైట్లు జాతర నాటకాలకు కూడా అద్దెకు దొరుకుతున్నాయి. లైట్లయితే వచ్చాయి గాని, వాటి నంబర్ల లెక్క మాత్రం చాలామందికి అంతు పట్టడం లేదు. ఆ లెక్క గురించే ఈ రోజు మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా నాకు జరిగిన ఒక పరాభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఊరి జాతరలో మా సమాజం హరిశ్చంద్ర నాటకం ఆడింది. లైట్ల బోర్డు దగ్గర నేనే కూర్చున్నాను. కాటిసీను వచ్చింది. హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన మాకందరికీ పెద్దదిక్కు. ముప్పై ఏళ్ళుగా ఆ వేషం కడుతున్నవారు. ఆయన వచ్చి నిలబడగానే నీలం వెలుగు పడాలి. నేను నీలం పైకి తోశాను. మిగిలిన లైట్లన్నీ నీలంగానే వెలిగాయి. ఆయన ముఖం మీద పడే లైటు మాత్రం పచ్చగా, ఆకుపచ్చగా వెలిగింది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు పకాలున నవ్వారు. వాళ్ళను చూసి పెద్దలూ నవ్వారు. ఆయన పద్యం ఎత్తుకున్నారు గాని, ఆ నవ్వులో అది కొట్టుకుపోయింది.

మేము వైరు చూశాం, ప్లగ్గు చూశాం, లైటును తట్టి చూశాం. ఏదీ చెడలేదు. ఆ లైటు తన అడ్రస్ 5 అనుకోవలసింది పోయి, 6 అనుకుంటున్నది. తప్పంతా అంతే. అది తెలుసుకునేసరికి సీను అయిపోయింది. నాటకం అయ్యాక ఆయన దగ్గరకు వెళ్ళి తల దించుకున్నాను. ఆయన కోప్పడలేదు. "నీ నంబర్ల సంగతి నాకు తెలియదు నాయనా. నేను నిలబడే చోట నాకు కావలసిన వెలుగుంటే చాలు" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. నంబర్ల సంగతి తెలుసుకోవలసినవాణ్ణి నేనే గదా!

సరే, అసలు విషయానికి వద్దాం. చానల్ అంటే ఏమిటి? అడ్రస్ అంటే ఏమిటి?

మీ ఊళ్ళో ఒకాయన ఉన్నారనుకోండి. అందరూ ఆయన్ను పెద్దింటి రామన్న అని పిలుస్తారు. తపాలా బంట్రోతుకు మాత్రం ఆయన ఫలానా వీధిలో ఫలానా నంబరు ఇంటి మనిషి. రామన్న ఇల్లు మారితే డోర్ నంబరు మారుతుంది. పేరు మారదు. లైట్లకూ ఇదే వర్తిస్తుంది. చానల్ అనేది మనం లైటును పిలిచే పేరు. అడ్రస్ అనేది ఆ లైటు ఉండే ఇంటి నంబరు. ఫలానా పేరు గలవాడు ఫలానా ఇంట్లో ఉంటాడని రాసుకున్న పుస్తకం ఉంటుంది చూశారా, దాన్నే ప్యాచ్ అంటారు.

మరి ఈ ఇంటి నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పూర్వం ఒక్కొక్క డిమ్మర్‌కు బోర్డు నుంచి ఒక్కొక్క వైరు విడిగా లాగేవారు. ఇరవై డిమ్మర్లుంటే ఇరవై తీగలు. పైగా ఒక కంపెనీ బోర్డు ఇంకొక కంపెనీ డిమ్మర్‌తో సరిపడేది కాదు. ఈ అవస్థ తీర్చడానికి 1986లో అమెరికాలోని యు.ఎస్.ఐ.టి.టి. అనే రంగస్థల సాంకేతిక సంస్థ ఒక పద్ధతిని రూపొందించింది. దాని పేరు డి.ఎమ్.ఎక్స్. 512. 1990లో దాన్ని సవరించారు. ఇవాళ మన ఊరి అద్దె లైట్ల వెనుక కనిపించే డి.ఎమ్.ఎక్స్. అన్న అక్షరాలు అవే.

ఈ పద్ధతిలో బోర్డు నుంచి ఒకే ఒక కేబుల్ బయలుదేరుతుంది. మొదటి లైటులోకి వెళ్ళి, అక్కడి నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి సాగిపోతుంది. ఆ కేబుల్ మీద బోర్డు 512 విలువలను ఒకదాని తర్వాత ఒకటిగా చదువుతూ పోతుంది. ఒకటో అడ్రస్‌కు ఇంత, రెండో అడ్రస్‌కు ఇంత అంటూ 512 దాకా చదివి, మళ్ళీ మొదటికి వస్తుంది. 512 విలువలూ పంపినా సెకనుకు 44 సార్ల వరకు ఇలా చదవగలదు. ప్రతి విలువా సున్నా నుంచి 255 వరకు ఉంటుంది. సున్నా అంటే ఆరిపోవడం. 255 అంటే పూర్తి వెలుగు. రేషన్ షాపులో నంబర్లు చదువుతుంటే తన నంబరు వచ్చినప్పుడే మనిషి లేచి వెళ్ళినట్టు, ప్రతి లైటూ తన నంబరు దగ్గర మాత్రమే చెవి ఒగ్గుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, కేబుల్‌లో లైటు ఎన్నోదన్నది లెక్కలోకి రాదు. వరసలో చివర ఉన్న లైటుకు 1 అడ్రస్ ఇవ్వవచ్చు. ముందున్నదానికి 100 ఇవ్వవచ్చు. రెండు, ఒక లైటుకు ఒక్క అడ్రస్ చాలకపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు అనే నాలుగు రంగులున్న లైటుకు రంగుకొకటి చొప్పున నాలుగు అడ్రస్‌లు కావాలి. దాని మీద మనం పెట్టేది మొదటి అడ్రస్ మాత్రమే. మిగిలిన మూడూ వరసగా దానివే అవుతాయి.

గందరగోళం మొదలయ్యేది కూడా ఇక్కడే. లైటుతో వచ్చే కాగితంలో 4 చానల్ మోడ్, 7 చానల్ మోడ్ అని రాసి ఉంటుంది. అక్కడ చానల్ అన్న మాటకు అర్థం, ఆ లైటు ఎన్ని అడ్రస్‌లు ఆక్రమిస్తుందన్నది. బోర్డు దగ్గర కూర్చున్నవాడు "మూడో చానల్ ఇవ్వు" అంటే అర్థం వేరు. అది పిలుపు పేరు. ఒకే మాట రెండు చోట్ల రెండు అర్థాలతో తిరుగుతున్నది. ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మీ దగ్గర పెన్సిలు ఉంటే రాసుకోండి. నాలుగు అడ్రస్‌ల లైట్లు ఆరు ఉన్నాయి. మొదటిదానికి 1 పెట్టాం. అది 1 నుంచి 4 వరకు తీసుకుంటుంది. కాబట్టి రెండోది 5 దగ్గర మొదలవుతుంది. మూడోది 9, నాలుగోది 13, అయిదోది 17, ఆరోది 21. ఆరోది 24తో ముగుస్తుంది. వీటితో పాటు పాత హాలోజన్ దీపాల కోసం నాలుగు సాకెట్ల డిమ్మర్ పెట్టె ఉంటే, దానికి 25 పెట్టాలి. అది 25 నుంచి 28 వరకు తీసుకుంటుంది. హాలోజన్ దీపానికి సొంత అడ్రస్ ఉండదు. అది ఏ డిమ్మర్ సాకెట్లో గుచ్చితే ఆ సాకెట్ అడ్రసే దానిది. ఎల్.ఇ.డి. లైటుకు అడ్రస్ దానిలోనే ఉంటుంది. అందుచేత దానికి కరెంటు నేరుగా ఇవ్వాలి. డిమ్మర్ గుండా ఇవ్వకూడదు, ఇస్తే పాడవుతుంది.

కొన్ని లైట్ల మీద అడ్రస్‌ను అంకెలలో చూపే చిన్న తెర ఉంటుంది. కొన్నింటి వెనుక చిన్నచిన్న స్విచ్‌లు వరసగా ఉంటాయి. మొదటి స్విచ్ విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8, ఇలా రెట్టింపవుతూ తొమ్మిదో స్విచ్ విలువ 256. కావలసిన అంకె వచ్చేలా స్విచ్‌లు పైకెత్తాలి. అయిదు కావాలంటే 4, 1 కలపాలి. అంటే మూడో స్విచ్, ఒకటో స్విచ్. ఇరవై ఒకటి కావాలంటే 16, 4, 1. అంటే అయిదు, మూడు, ఒకటి స్విచ్‌లు.

ఆ రోజు కాటిసీనులో జరిగిందేమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు. రెండో లైటుకు 5 పెట్టమని నిచ్చెన మీదున్న కుర్రవాడికి చెప్పాను. "పెట్టానన్నా" అన్నాడు. చీకట్లో వాడు ఒకటో స్విచ్ బదులు రెండోది ఎత్తాడు. 4, 2 కలిసి 6 అయింది. నా లెక్కలో ఆ లైటు నీలం 7వ అడ్రస్‌లో ఉంది. నేను 7 పైకి తోశాను. కాని ఆ లైటు లెక్క 6 దగ్గర మొదలయింది గనుక, దానికి 6 ఎరుపు, 7 ఆకుపచ్చ. అది చేసింది తప్పు కాదు. తనకు పెట్టిన అడ్రస్ ప్రకారమే వెలిగింది. దీపాలన్నీ కట్టాక, ప్రేక్షకులు రాకముందే, ఒక్కొక్కదాన్నే వెలిగించి చూసి ఉంటే అక్కడికక్కడే దొరికేది. ఆ పావుగంట పని నేను చెయ్యలేదు.

ఇక బోర్డుల సంగతి. మన ఊళ్ళలో ఎక్కువగా అద్దెకు దొరికేది 192 చానళ్ళ చిన్న బోర్డు. అందులో పన్నెండు బటన్లు ఉంటాయి. ఒక్కొక్క బటన్ కింద పదహారు అడ్రస్‌లు. ఈ కొలత మామూలుగా మారదు. మొదటి బటన్ 1 దగ్గర, రెండోది 17 దగ్గర, మూడోది 33 దగ్గర, చివరిదైన పన్నెండోది 177 దగ్గర మొదలవుతాయి. కాబట్టి ఒక్కొక్క లైటుకు ఒక్కొక్క బటన్ కావాలంటే, లైటుకు నాలుగే అడ్రస్‌లు అవసరమైనా, 1, 17, 33 అంటూ పదహారేసి దూరంలో పెట్టాలి. ఇటువంటి బోర్డు మీద ప్యాచ్ అంతా లైటు వెనుక స్విచ్‌లతోనే జరుగుతుంది.

పెద్ద బోర్డులలోనూ, కంప్యూటర్ బోర్డులలోనూ అలా కాదు. అక్కడ ప్యాచ్ మన ఇష్టం. చానల్ 1 అంటే అడ్రస్ 21 అని రాసుకోవచ్చు. ఒకే చానల్‌కు రెండు లైట్లు కట్టవచ్చు. కేబుల్ వరసలు రెండుంటే ఒక్కొక్కదాన్ని ఒక యూనివర్స్ అంటారు. రెండో వరసలో అడ్రస్‌లు మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి. రెండు వీధుల్లోనూ ఒకటో నంబరు ఇల్లు ఉంటుంది గదా! అందుకని వీధి పేరు కూడా చెప్పాలి.

ఇంత తెలుసుకుంటే ఏమిటి లాభం అని మీరు అడగవచ్చు. లాభం ఇది. మన సమాజాలు ఊరూరా తిరిగి ఆడతాయి. ఒక ఊళ్ళో నాలుగు అడ్రస్‌ల లైట్లు దొరుకుతాయి. ఇంకొక ఊళ్ళో ఏడు అడ్రస్‌లవి దొరుకుతాయి. నాటకం కాగితం మీద "కాటిసీను: అడ్రస్ 7 పూర్తిగా" అని రాసుకుంటే, ఊరు మారగానే ఆ కాగితం చిత్తు కాగితమవుతుంది. అలా కాకుండా, "కాటిసీను: చానల్ 2 నీలం" అని రాసుకోండి. చానల్ 2 అంటే హరిశ్చంద్రుడి ముఖం మీద పడే లైటని మీ సమాజంలో అందరికీ తెలిసి ఉండాలి. ఏ ఊరు వెళ్ళినా ఆ కాగితం మారదు. మారేది ప్యాచ్ కాగితం ఒక్కటే. చిన్న బోర్డు మీదనైతే బటన్ నంబరునే చానల్‌గా పిలవండి. ఏ స్లైడర్ ఏ రంగో మాత్రం ఆ ఊరి కాగితంలో రాసుకోండి.

అందుకే ఒక మాట మనవి చేస్తున్నాను. ఒక నోటు పుస్తకం కొనండి. అందులో నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో చానల్ నంబరు. రెండో గడిలో ఆ లైటు వేదిక మీద చేసే పని. మూడో గడిలో లైటు రకం, మోడ్. నాలుగో గడిలో మొదటి అడ్రస్. మొదటి రెండు గళ్ళు సిరాతో రాయండి. చివరి రెండూ పెన్సిలుతో రాయండి, ఊరూరా చెరిపి రాయవలసి వస్తుంది. లైటు మీద కూడా టేపు అతికించి అడ్రస్ రాయండి. నిచ్చెన ఎక్కేవాడు తెలుగువాడైనా, కన్నడిగుడైనా, తమిళుడైనా, ఒరియావాడైనా, అంకె అందరికీ ఒకటే.

ఆ తర్వాతి సంవత్సరం అదే జాతరకు మళ్ళీ వెళ్ళాం. ఆ ఊళ్ళో వేరే లైట్లు దొరికాయి. ప్యాచ్ కాగితం కొత్తగా రాశాం. సాయంత్రం ఒక్కొక్క లైటూ వెలిగించి చూశాం. కాటిసీనులో పెద్దాయన వచ్చి నిలబడ్డారు. నీలం వెలుగు పడింది. పిల్లలెవరూ నవ్వలేదు. పద్యం చివరి దాకా వినపడింది. నాటకం అయ్యాక ఆయన లైట్ల గురించి ఒక్క మాట కూడా అనలేదు. అంతకంటే నాకు కావలసిందేముంది!