చందమామ నుంచి 'చదువు' దాకా

బొమ్మల కథలు దాటిన పిల్లలకు తరవాత ఏం ఇవ్వాలి? నచ్చిన రచయిత వెంటే వెళ్లనివ్వండి.

ఉదాహరణకు, 1947 జూలైలో పిల్లల మాసపత్రిక 'చందమామ' మొదలైంది. 1952 నుంచి, 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. చాలాకాలం సంపాదకుడిగా చక్రపాణి పేరే ఉండేది కాబట్టి, ఈ సంగతి ఎందరో పాఠకులకు తెలియదు. రాక్షసుల కథలను అంత తేటగా చెప్పించిన ఆయనే పెద్దల కోసం 'చదువు' నవల రాశారు. సుందరం అనే కుర్రవాడు బడిలో, ఇంట్లో, దేశంలో చూసి నేర్చుకున్నదంతా అందులో ఉంది. వాక్యం అదే, చిన్నది, సూటిది. లోకం మాత్రం చాలా పెద్దది. చందమామ చదివినవారికి ఆ నవల కష్టమనిపించదు.

ఈసారి గ్రంథాలయానికి వెళ్తే చిన్నపిల్లలకొక బొమ్మల పుస్తకం, ఎదిగిన పిల్లలకు 'చదువు' అడిగి తెచ్చుకోండి.