ఖాళీ గడి

పోలవరము జలాశయము పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు, తొలిదశకు నిర్ణయించినది 41.15. ముంపు గ్రామముల ఇండ్ల పట్టిక కంప్యూటరులో నున్నదనుకొందము. ఎస్‌క్యూఎల్ అను ప్రశ్నాభాషలో, ఇంటి మట్టము 41.15కు సమానముగాగాని తక్కువగాగాని యున్నవారిని చూపుమందుము. జాబితా వచ్చును. అంతకు మించినవారిని చూపుమందుము, మరియొకటి వచ్చును. రెండును కలిపి, ఊరంతయు వచ్చినదని తృప్తిపడుదుము.

మట్టము వ్రాయక గడి ఖాళీగా విడిచిన ఇల్లో? అది రెంటను ఉండదు! గోదావరి ఆ గడిని చూచి రాదు గదా. ఖాళీ యనగా సున్న కాదు. దానితో దేనిని పోల్చినను ఫలితము నిజమును గాదు, అబద్ధమును గాదు, ‘తెలియదు’ అనియే. సమానపు గుర్తు పెట్టి వెదకినను ఖాళీలు దొరకవు. ‘ఈజ్ నల్’ అని ప్రత్యేకించి అడుగవలెను. మేమైనచో ఆ ప్రశ్ననే ముందు వేయుదుము.