స్కేల్: ఒక్క మాటా, మూడు మాటలా?



ఈ రోజు మన పాఠం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి. ఆ మాట ‘స్కేల్’. మీ జామెట్రీ పెట్టెలో ఉండే వస్తువే కాబట్టి మీకు కొత్త కాదు. అయితే సంగీతం నేర్చుకునేవారికి స్కేల్ అంటే స్వరాల వరుస. చేపలు శుభ్రం చేసేవారికి పొలుసు. సరుకు తూచేవారికి త్రాసు. ఉద్యోగికి జీతపు శ్రేణి. మరి సంగీతానికీ చేపకూ ఏమిటి సంబంధం? ఒకే మాట ఇన్ని చోట్లకు ఎలా వెళ్లింది? లేక అసలు ఇది ఒకే మాట కాదా?

జవాబు కోసం మనం ఒక రైల్వే పట్టణానికి వెళదాం. ఛత్తీస్‌గఢ్‌లో, అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ అది. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని రైల్వే పట్టణంగా మార్చింది. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలు అమ్మతో తెలుగులో మాట్లాడతారు, స్నేహితులతో హిందీలో మాట్లాడతారు, పోటీ పరీక్షల కోసం ఇంగ్లీషు చదువుతారు. “ఇక్కడ మనకు తెలుగు దేనికి పనికొస్తుంది?” అనే ప్రశ్న అలాంటి ఇళ్లలో సహజంగానే వస్తుంది. ఆ ప్రశ్నను కూడా మన వెంట తీసుకువెళదాం. స్కేల్ అనే మాట దానికి కొంత సమాధానం చెబుతుంది.

ముందుగా సంగీతం. హార్మోనియం ముందు కూర్చున్న పిల్లవాడు స రి గ మ ప ద ని అంటూ పై షడ్జం దాకా వెళతాడు, మళ్లీ మెట్టు మెట్టుగా దిగివస్తాడు. ఎక్కడాన్ని మనం ఆరోహణ అంటాం, దిగడాన్ని అవరోహణ అంటాం. ఆరోహణ అంటే అర్థమే ఎక్కడం. పర్వతారోహణ అన్న మాటలో ఉన్నదీ అదే కదా! ఇక ఇంగ్లీషు స్కేల్‌ను చూడండి. లాటిన్ భాషలో ‘స్కాలా’ అంటే నిచ్చెన. సంగీతంలోని స్కేల్ ఆ నిచ్చెన నుంచే వచ్చింది. అంటే ఎక్కడో దూరాన ఉన్న రెండు సంగీత సంప్రదాయాలు స్వరాల వరుసను చూసి ఒకే పోలిక తెచ్చుకున్నాయన్నమాట. ఆరోహణ అనే మాట తెలిసిన విద్యార్థికి ఈ స్కేల్‌ను విడిగా బట్టీ పట్టవలసిన అవసరం లేదు.

నిచ్చెన దొరికింది కాబట్టి మరికొన్ని అర్థాలు వాటంతట అవే విడిపోతాయి. కొండను స్కేల్ చేయడమంటే ఎక్కడం. జామెట్రీ పెట్టెలోని స్కేల్ మీద గీతలు సమాన దూరంలో ఉంటాయి, నిచ్చెన మెట్లలాగే. పటం మీది స్కేల్ కూడా ఈ కుటుంబంలోదే. 1:50,000 స్కేలున్న పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లకు సమానం.

ఇక రైల్వే ఇళ్లలో బాగా నలిగిన మాట, పే స్కేల్. 1996 నుంచి అమలైన అయిదో వేతన సంఘం స్కేళ్లలో ఒకదాన్ని ఇలా రాసేవారు: 3050–75–3950–80–4590. చూడగానే టెలిఫోన్ నంబరులా ఉంటుంది. నిజానికి ఇదొక నిచ్చెన. మూలవేతనం 3050 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఏడాదికి 75 చొప్పున పెరిగి 3950కి చేరుతుంది. అక్కడి నుంచి ఏడాదికి 80 చొప్పున పెరిగి 4590 దగ్గర ఆగుతుంది. లెక్క వేయండి: మొదటి భాగంలో 12 మెట్లు, రెండో భాగంలో 8 మెట్లు, మొత్తం 20. ఆరో వేతన సంఘం తర్వాత, 2006 నుంచి, ఈ స్కేళ్ల స్థానంలో పే బ్యాండ్లు, గ్రేడ్ పే వచ్చాయి. ఏడో వేతన సంఘం తర్వాత, 2016 నుంచి, లెవెళ్లతో కూడిన పట్టిక వచ్చింది. పద్ధతి మారినా మాటల్లో మాత్రం ‘స్కేలు’ మిగిలింది. వ్యవస్థ పోయాక కూడా మాట బతకడం భాషలో తరచుగా జరిగే సంగతే.

ఇప్పుడు చేప దగ్గరికి వద్దాం. బిలాస్‌పూర్‌కు దగ్గరలోని రతన్‌పూర్ చెరువులకు పేరుపడ్డ ఊరు. మన చెరువుల్లో పెరిగే రోహును తెలుగులో శీలావతి అంటాం, కట్లాను బొచ్చె అంటాం. రెండింటికీ పెద్ద పెద్ద పొలుసులుంటాయి. వాలుగకు, జెల్లకు పొలుసులుండవు. ఈ పొలుసును ఇంగ్లీషులో స్కేల్ అంటారు. మరి పొలుసులో నిచ్చెన ఎక్కడుంది? లేదు. ఈ స్కేల్ పాత ఫ్రెంచి భాషలోని వేరే మాట నుంచి వచ్చింది. దానికి గుల్ల, పొట్టు, పైపెంకు అని అర్థం. ఇంగ్లీషులో ‘షెల్’ అనే మాట దీనికి చుట్టమే. కాబట్టి సంగీతంలోని స్కేల్, చేప మీది స్కేల్ ఒకే మాటకు రెండు అర్థాలు కావు. వేరు వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే పేరుతో కనిపించే ఇద్దరు మనుషుల్లాంటివి.

ఈ రెండో స్కేల్‌కు కూడా సంతానముంది. ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వేను బాగా ఇబ్బంది పెట్టిన సమస్య బాయిలర్ స్కేల్. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడివడి లోహం మీద గట్టి పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని నీటిలోకి సరిగా పోనివ్వదు. దానితో బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది. అంతకంటే ప్రమాదమేమిటంటే లోహం మితిమీరి వేడెక్కి బలహీనపడుతుంది. అందుకే బాయిలర్లను వేళకు కడిగేవారు, నీటిని ముందే శుద్ధి చేసేవారు. ఇంట్లో గీజరులో పేరుకునే తెల్లటి పొర కూడా ఇటువంటిదే. దంతవైద్యుడు పళ్లకు పట్టిన గారను తీస్తే దాన్ని స్కేలింగ్ అంటాడు. “స్కేల్ తొలగించండి” అని యంత్రం సూచనల పుస్తకంలో ఉంటే, గీతలు గీసే స్కేలొక్కటే తెలిసిన మనిషి ఏం చేస్తాడు? చదివినా అర్థం కాక వదిలేస్తాడు. మాట అర్థం తెలియకపోతే పోయేది పరీక్షలో ఒక మార్కు మాత్రమే కాదు.

ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి మరో ఉదాహరణ. లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. లక్కనిచ్చే పురుగు జీవశాస్త్రంలో ‘స్కేల్ ఇన్సెక్ట్స్’ అనే వర్గానికి చెందుతుంది. ఈ వర్గంలోని చాలా పురుగులు కొమ్మకు అంటుకుని పొలుసులా కనిపిస్తాయి. తెలుగులో వీటిని పొలుసు పురుగులనే అంటాం.

ఇక మూడో స్కేల్, త్రాసు. కోర్బా బొగ్గును దేశం నలుమూలలకూ పంపే ఈ ప్రాంతంలో తూకం నిత్యం కావలసిన పని. త్రాసు అనే అర్థమున్న స్కేల్ ప్రాచీన నార్స్ భాషలోని ‘స్కాల్’ నుంచి వచ్చింది. దానికి గిన్నె అని అర్థం. త్రాసుకు రెండు వైపులా వేలాడేవి గిన్నెలే కదా! అందుకే ఇంగ్లీషులో త్రాసును బహువచనంలో ‘స్కేల్స్’ అనడం అలవాటు. గిన్నె పేరే మొత్తం పరికరానికి పేరయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పొలుసు మూలం గుల్ల అన్నాం. త్రాసు మూలం గిన్నె అన్నాం. భాషా చరిత్రకారులు ఇంకా వెనక్కి వెళ్లి, ఈ రెండూ జర్మానిక్ భాషల్లోని ఒకే ప్రాచీన కుటుంబానివని చెబుతారు. గుల్లకూ గిన్నెకూ ఏమిటి పొత్తు అని మీకు అనుమానం రావచ్చు. జవాబు మన ఇంట్లోనే ఉంది. మన ‘చిప్ప’ను చూడండి. ముత్యపు చిప్ప, తాబేటి చిప్ప అంటే గుల్ల. కొబ్బరి చిప్ప అంటే పెంకుతో ఉన్న సగం కాయ. బిచ్చగాడి చేతిలోని చిప్ప అంటే గిన్నె. మోకాలి చిప్ప అంటే ఎముక. గుల్ల నుంచి గిన్నె దాకా ఇంగ్లీషు పూర్వభాషలు నడిచిన దారిలోనే మన చిప్ప కూడా నడిచింది. ఏ గురువూ చెప్పకుండానే తెలుగు పిల్లలకు తెలిసిన దారి ఇది.

అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. చిప్ప ఒకే మాట, దాని అర్థాలు కొమ్మల్లా విస్తరించాయి. ‘అలుగు’ను తీసుకోండి. చెరువు నిండితే అలుగు పారుతుంది. పిల్లలు అలుగుతారు. ఒళ్లంతా పొలుసులుండే అడవి జంతువునూ అలుగు అంటాం. చెరువు కట్టకూ కోపానికీ పొత్తు కుదరదు. ఒకే రూపంలో కనిపిస్తున్నా ఇవి వేరు వేరు మాటలని అనుకోవడమే సబబు. నానార్థాలు రాయమని తెలుగు పరీక్షలో అడిగినప్పుడు మనం ఈ రెండు రకాలనూ ఒకే వరుసలో రాసేస్తాం. కానీ నేర్చుకునేటప్పుడు విడదీస్తే జ్ఞాపకం తేలికవుతుంది. స్కేల్‌కు పది అర్థాలు బట్టీ పట్టడం కష్టం. నిచ్చెన, గుల్ల, గిన్నె అని మూడు బొమ్మలు గుర్తుంచుకోవడం తేలిక.

మరి చదివేటప్పుడు ఏ స్కేలో ఎలా గుర్తుపట్టాలి? మొదట ఇరుగుపొరుగు మాటలను చూడండి. పక్కన స్వరం ఉందా, చేప ఉందా, బాయిలర్ ఉందా? రెండోది, పెద్ద నిఘంటువు తీసి చూడండి. అందులో స్కేల్ ఒకటి, రెండు, మూడు అంకెలతో విడివిడిగా కనిపిస్తుంది. ఆ అంకెలు వేరు వేరు మాటలకు గుర్తు. మొదటి అర్థం దగ్గరే ఆగిపోకండి. మూడోది, ఫోనులో అనువాదం చూసుకునేవారు ఒంటరి మాటను కాక వాక్యం మొత్తాన్ని ఇవ్వండి. పక్క మాటలు లేకపోతే మనిషైనా యంత్రమైనా ఊహించవలసిందే.

ఇంటి దగ్గర చేయడానికి ఒక అభ్యాసం. బి, ఎ, ఎస్, ఎస్ అనే నాలుగు అక్షరాల ఇంగ్లీషు మాట ఉంది. సంగీతంలో దాన్ని ‘బేస్’ అని పలుకుతారు, మంద్ర స్వరం అని అర్థం. చేప పేరైతే ‘బాస్’ అని పలుకుతారు. మన పండుగొప్పను ఆసియా సీ బాస్ అంటారు. ఇది ఒకే మాటా, రెండు మాటలా? నిఘంటువు చూసి మీరే తేల్చండి. స్కేల్‌ను పలికే తీరు మనకు ఏ ఆధారమూ ఇవ్వలేదు. ఇక్కడ పలుకుబడే మొదటి ఆధారం.

చివరగా, బిలాస్‌పూర్ తెలుగు ఇళ్ల నుంచి మనం వెంట తెచ్చుకున్న ప్రశ్న. తెలుగు దేనికి పనికొస్తుంది? ఆరోహణ తెలిసినవారికి సంగీతపు స్కేల్ తెలిసింది. చిప్ప తెలిసినవారికి పొలుసుకూ త్రాసుకూ ఉన్న చుట్టరికం తెలిసింది. అలుగు తెలిసినవారికి ఒకే రూపంలో రెండు మాటలు ఉండవచ్చని తెలిసింది. ఇంటి భాషను గుమ్మం దగ్గర వదిలి ఇంగ్లీషు నేర్చుకోనక్కర లేదు. దాన్ని వెంట తీసుకువెళితే దారి దగ్గరవుతుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, అనేక అర్థాలున్న తెలుగు మాటలు అయిదు సేకరించండి. వాటిలో కొమ్మలు ఏవో, వేరు చెట్లు ఏవో విడదీసి రాసుకోండి.