విశ్వాసం ఎక్కడ సడలుతుంది?

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! మన నర్సీపట్నం నుండి ఏటా ఎందరో పిల్లలు చదువుల నిమిత్తం విశాఖపట్నం, హైదరాబాదు వెళుతున్నారు. వారిలో కొందరు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అజాన్ వినబడినా కదలరు. తల్లిదండ్రులు ఆ సంగతి బంధువులకు తెలియకుండా దాచుకుంటారు. మనిషి విశ్వాసానికి ఎలా దూరమవుతాడో ఈ జుమా నాడు దాపరికం లేకుండా ఆలోచిద్దాం.

తెలుగునేలపై ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ గోరా, అనగా గోపరాజు రామచంద్రరావు. 1902లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. వృక్షశాస్త్రం బోధించేవారు. జంధ్యాన్ని త్యజించినందుకు ఇల్లు విడవవలసి వచ్చింది. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ కళాశాలలోనూ, 1939లో మచిలీపట్నం కళాశాలలోనూ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. అంటరానితనాన్ని జీవితాంతం ఎదిరించారు. ఇల్లు పోయింది, ఉద్యోగాలు పోయాయి. విశ్వాసం మాత్రం తిరిగి రాలేదు.

దైవాన్ని గాఢంగా నమ్మిన గాంధీజీ ఆయనను మరో విధంగా ఆదరించారు. 1944లో సేవాగ్రామంలో కలిసినప్పటి నుండి ఆయన మాటలు ఓపికగా ఆలకించారు. గోరా కుమార్తెకు దళిత యువకునితో వివాహం తమ ఆశ్రమంలో జరిపించడానికి అంగీకరించారు. గాంధీజీ హత్యానంతరం 1948 మార్చిలో ఆ వివాహం అక్కడే జరిగింది. గోరా ఆస్తికులు కాలేదు. అయినా వారి స్నేహం తెగలేదు.

సోదరులారా! ఈ వృత్తాంతం మన సమాజానిది కాకపోయినా, మన ఇళ్ళలోనూ విశ్వాసం ఒక్కరోజులో పోదు. మొదట నమాజు అలవాటుగా మిగులుతుంది. శరీరం వంగుతుంది, హృదయం వంగదు. పిదప ఒక ప్రశ్న పుడుతుంది. అడిగితే పెద్దలు గద్దిస్తారు. పిల్లవాడు నోరు మూసుకుంటాడు, ప్రశ్న మాత్రం లోపల పెరుగుతుంది. చివరికి అతడు మన నడవడిని చూస్తాడు. చెల్లెలి వారసత్వపు వాటాను ఎగవేసిన చేతులే దుఆ కోసం లేస్తుంటే, కట్నం లెక్కపెట్టిన నోరే సున్నత్ గురించి ఉపదేశిస్తుంటే, అతనికి మనం ఏ ముఖంతో సమాధానం చెప్పగలం?

అయితే అందరూ మనసు గాయపడే వెళ్ళరు. కొందరు నిజాయితీగా ఆలోచించి మనకు సమ్మతం కాని నిర్ణయానికి వస్తారు. వారి అంతరంగం అల్లాహ్‌కే ఎరుక.

ప్రశ్న అవిశ్వాసం కాదు. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపించమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) తన ప్రభువునే అడిగారు. నమ్మకం లేక కాదు, మనశ్శాంతి కోసం. అల్లాహ్ ఆయనను గద్దించలేదు, చూపించాడు. నోటితో పలకడానికే భయపడేంతటి ఆలోచనలు తమకు కలుగుతున్నాయని సహాబాలు విన్నవించుకుంటే, ఆ భయమే విశ్వాసానికి నిదర్శనమని దైవప్రవక్త (స) ఊరడించారు. ఇమామ్ గజాలీ వంటి మహా విద్వాంసుడే సుమారు రెండు నెలలు తీవ్ర సంశయంలో మునిగిపోయారు. దానిని దాచక తన గ్రంథంలో వ్రాశారు.

కనుక పెద్దలారా, పిల్లలు అడిగినది వినండి. సమాధానం తెలియకుంటే తెలియదని చెప్పండి. తెలిసినవారి వద్దకు తోడుగా వెళ్ళండి. నమాజు మానేశాడని అన్నం మాన్పించకండి, తలుపు మూయకండి. ధర్మంలో బలవంతం లేదన్నది ఖుర్ఆన్ బోధ.

హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కుమారుడు ఓడ ఎక్కలేదు. ప్రవక్త అయి ఉండీ తండ్రి అతని మనసు మార్చలేకపోయారు. కానీ తమ మధ్య అల అడ్డం వచ్చే వరకూ "నాయనా" అనే పిలిచారు. మార్గదర్శనం అల్లాహ్ చేతిలో ఉంది. పిలుపు ఆపకుండా ఉండడం మన చేతిలో ఉంది.

ఓ అల్లాహ్! మా హృదయాలను సత్యంపై స్థిరపరచు. మా నడవడి ఎవరి విశ్వాసానికీ అడ్డంకి కాకుండా కాపాడు. దూరమైన మా బిడ్డలకు మా ఇళ్ళలోనూ, నీ గృహంలోనూ చోటు ఉంచు. ఆమీన్.